ఆ ఊరు మరిచిపోయిన జ్వరం

కిందటి నెలలో ఒక పొద్దున కుప్పంలో నేనుంటున్న ఇంటి వరండాలో కూర్చుని బీన్సు కాయలకు నార తీసుకుంటూ ఉంటే ఫోను మోగింది. మదనపల్లెలో నేను పాఠాలు చెప్పిన కాలేజీ నుంచి ఎవరో అమ్మాయి, ఇప్పుడు నా స్థానంలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతున్నదట. మిమ్మల్నెప్పుడూ చూడలేదు గానీ విభాగంలో గోడ మీది పాత ఫోటోలో ఉన్నారు మేడమ్ అంది. రిటైరైనవాళ్ళ పరిశోధనల వల్ల సమాజం మీద పడిన ప్రభావమేమిటో పైవాళ్ళు అడుగుతున్నారట. నా వ్యాసాలను ఎవరైనా తమ వ్యాసాల్లో ప్రస్తావించారా, పేటెంట్లున్నాయా, బహుమతులేమైనా వచ్చాయా అని ఎంతో మర్యాదగా అడిగింది. లేవమ్మా, లేవమ్మా అంటూ పోయాను. ఆ పిల్లకే జాలి వేసినట్టుంది, పోనీ మీ పనివల్ల ఏం మారిందో ఒక్క మాటలో చెప్పండి మేడమ్, అదే రాసుకుంటాను అంది. ఆ ఒక్క మాట నాకు దొరకలేదు. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను గాని, ఆ తర్వాత బీన్సు మీద చెయ్యి ఆడలేదు.

నా ఈడువాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరైనా ఒక మాట అడిగి వదిలేస్తే దాన్ని పట్టుకుని రోజంతా ఇల్లంతా తిరుగుతూ ఉండటం మనకు ఈ వయసులో అలవాటే. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ మనిషితో నాలుగు మాటలనేసి మరిచిపోవచ్చు. నాకు ఆ వీలు లేదు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు, అమ్మ పోయి చాలా కాలమైంది. పొద్దున బెంగుళూరు రైలు వెళ్ళిన చప్పుడు, సాయంత్రం అది తిరిగొచ్చిన చప్పుడు, మధ్యలో కూరగాయల బండివాడి కేక, ఇంతే నా ఇంట్లోకి వచ్చే సందడి. అందుకని ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మదనపల్లె ఇప్పటికన్నా చల్లగా ఉండేది. ఎండాకాలంలో కూడా సాయంత్రమయ్యేసరికి గాలి తిరిగేది. తోటి అధ్యాపకులు కుటుంబాలతో హార్స్లీ హిల్స్‌కు వెళ్ళేటప్పుడు నన్ను కూడా పిలిచేవాళ్ళు. మొదట్లో వెళ్ళేదాన్ని. ఆ చెట్ల కింద భార్యాభర్తలంతా చాపలు పరుచుకుని కూర్చుంటే ఏ చాప మీద కూర్చోవాలో తెలియక, కొండ అంచున గాలిబండ దగ్గర నిలబడి లోయను చూస్తున్నట్టు నటించేదాన్ని. రెండు మూడు సార్లయ్యాక ఏదో పని ఉందని చెప్పి మానేశాను. పని ఉన్న మాట నిజమే. వరండా చివర పాత సామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి నాకు లేబొరేటరీగా ఇచ్చారు. సూక్ష్మజీవులను వెచ్చగా పెంచే పెట్టె ఒకటి, దాని తలుపు సరిగా పడదు, పాత చీర అంచుతో కట్టేదాన్ని. గాజుసామాను శుద్ధి చేయడానికి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరే. ఒక సూక్ష్మదర్శిని, ఒక ఎత్తైన స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుంటే కిటికీలోంచి దూరంగా కొండ కనిపించేది. ఆ గదిలో ఉన్నంతసేపూ నేను ఒంటరిదాన్నన్న సంగతి గుర్తొచ్చేది కాదు.

పుంగనూరులో అప్పుడొక డాక్టరుగారుండేవారు. పెద్దాయన, మాట తక్కువ. ఆయన దగ్గరికి అంతుపట్టని జ్వరాలతో కొందరు వస్తుండేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోతుంది, తెల్లారేసరికి చెమటతో పక్కంతా తడిసి చల్లబడుతుంది. కొన్నాళ్ళుండి పోతుంది, పోయింది కదా అనుకునేలోగా మళ్ళీ వస్తుంది. నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, మనిషి ఎండిపోవడం. మలేరియా కాదు, టైఫాయిడ్ మందులకు లొంగదు, క్షయ అనుకుందామంటే కళ్ళెలో ఏమీ కనిపించదు. అలాంటివాళ్ళ రక్తం సీసాలో పట్టి, మూతకు మైనం అంటించి, మదనపల్లె బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవారు. ఆ కండక్టర్లు మహానుభావులు. టికెట్ల సంచీలోనే సీసాను నిలబెట్టి తెచ్చి, బస్సు స్టాండులో నా చేతికిచ్చి, ఇది పడిపోకుండా సూసుకోమ్మా అని నాకే జాగ్రత్తలు చెప్పేవాళ్ళు.

ఆ జ్వరాలన్నీ సదుం చుట్టుపక్కల మెట్టపల్లెల నుంచి, పశువులున్న ఇళ్ళ నుంచి వస్తున్నాయని గమనించాక నాకొక అనుమానం కలిగింది. ఆవులకు నెలలు నిండకుండానే చూలు పోయే జబ్బు ఒకటుంది. ఆ సూక్ష్మజీవి మనిషికి కూడా వస్తుందని పుస్తకాల్లో చదివాను గానీ మా ప్రాంతంలో చూశానన్నవాళ్ళు నాకెవరూ తారసపడలేదు. అది పెరగడానికి ఎంతో తాత్సారం చేస్తుంది. మామూలు జీవులు ఒకటి రెండు రోజుల్లో బయటపడితే ఇది వారాలు తీసుకుంటుంది. ఏమీ లేదనుకుని ఎవరైనా సీసా కడిగేస్తారు. నేను కడగలేదు. రోజూ వచ్చి ఆ చీర ముడి విప్పి చూసి మళ్ళీ కట్టేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం, కాలేజీ అంతా ఖాళీ అయ్యాక, ఒక పళ్ళెంలో మంచుబిందువుల్లాంటి సన్నని చుక్కలు కనిపించాయి. పరీక్షలన్నీ చేసి చూశాను. అదే.

ఎవరికైనా చెప్పాలని వరండాలోకి పరుగెత్తుకొచ్చాను. ఎవరూ లేరు. పోస్టాఫీసుకెళ్ళి డాక్టరుగారికి ఫోను చేస్తే ఎత్తలేదు. రోజూ భోజనం చేసే హోటల్లో కూర్చుని, నా ఎదుట కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషితో చెప్పేద్దామా అనుకున్నాను. ఆయన పెరుగన్నం కలుపుకోవడంలో మునిగి ఉన్నాడు. ఆ సంతోషాన్ని అలాగే మింగేసి గదికి వెళ్ళి పడుకున్నాను. నా జీవితంలో అంత పెద్ద సంతోషం మళ్ళీ కలగలేదు, దాన్ని పంచుకోవడానికి మనిషి లేకపోవడమూ మళ్ళీ ఎప్పుడూ ఆ రోజు బాధించినంతగా బాధించలేదు.

ఆ రక్తం సదుం దాటాక ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఒక రైతుది. డాక్టరుగారు, నేను కలిసి వెళ్ళాం. ఆ రైతును తర్వాత్తర్వాత అన్నా అనడం అలవాటైంది గనుక ఇక్కడా అలాగే చెబుతాను. ఊళ్ళో ఎవరి ఆవు ఈనడానికి కష్టపడినా అన్నను పిలిచేవాళ్ళు. చెయ్యి లోపలికి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేసి తీసేవాడు, దూడ వెనక మాయ పడకపోతే చేత్తోనే తీసేవాడు. పొద్దున్నే పొదుగు దగ్గర గుమ్మపాలు తాగడం చిన్నప్పటినుంచీ అలవాటు. అలాంటి మనిషి మేము వెళ్ళేసరికి పశువుల కొట్టం పక్కన చిన్న గదిలో మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. ఆయన కంచం వేరు, చెంబు వేరు. పిల్లలిద్దరినీ వాళ్ళ అమ్మమ్మగారింటికి పంపేశారు. ఆయన భార్య, నేను వదిన అని పిలుచుకున్న మనిషి, మమ్మల్ని కూర్చోమని కూడా అనకుండా నిలబెట్టే అడిగింది.

“అందురూ క్షయ అంటాండారమ్మా. ఈ గది వాకిలి తొక్కేవాళ్ళు గూడా లేరు. నువ్వన్నా నిజం జెప్పు. ఈయన బతుకుతాడా, లేదా?”

క్షయ కాదని, పశువుల నుంచి వచ్చిన జబ్బని, మందుందని, వారాల తరబడి ఒక్కపూట తప్పకుండా వాడాలని డాక్టరుగారు చెప్పారు. ఆమె ఆయన వైపు కాక నా వైపు చూసింది. బతుకుతాడు వదినా అన్నాను. ఆ వరస ఎందుకు నోట్లోకి వచ్చిందో నాకు తెలియదు. అన్న మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను, నాడి చూడటానికే. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తనను ఎవరైనా ముట్టుకుని ఎన్నో నెలలైందని తర్వాతెప్పుడో చెప్పాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం కాలేజీ కాగానే బస్సెక్కేదాన్ని. పుంగనూరులో దిగి డాక్టరుగారి దగ్గర మందులు తీసుకుని, సదుం బస్సు పట్టుకుని, అక్కడినుంచి నడిచి ఆ ఊరు చేరేదాన్ని. మందులు మింగించడం వదినే చేసేది, నేను వెళ్ళనవసరమే లేదు. అయినా వెళ్ళేదాన్ని. అన్న మెల్లగా లేచి కూర్చున్నాడు, గోడ పట్టుకుని నడిచాడు, ఒకనాడు నేను వెళ్ళేసరికి పొలం గట్టు మీద నిలబడి చెనక్కాయ చేనును చూస్తున్నాడు. పిల్లలు తిరిగొచ్చారు. నేను వీధి మొదట్లో కనబడగానే మా ఆడబిడ్డ వస్తాండాది అని వదిన ఇరుగుపొరుగుకు వినబడేలా అనేది. రాగిసంగటి ముద్ద మధ్య గుంటచేసి నెయ్యి పోసి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి వేసి, తినేవరకు ఎదురుగా కూర్చునేది. ఆదివారం పొద్దున నా తలకు నూనె పెట్టి చిక్కు తీస్తూ, యాల పెండ్లి చేసుకోలేదని ఒక్కసారే అడిగింది, మళ్ళీ అడగలేదు. చిన్నపిల్ల నా ఒళ్ళో నిద్రపోయేది. సోమవారం పొద్దున మొదటి బస్సుకు మదనపల్లె వచ్చి తలుపు తాళం తీస్తే గదిలో గాలి కూడా పరాయిగా అనిపించేది.

కానీ నేను ఆ ఊరికి వెళ్ళింది చుట్టరికం కోసం కాదు కదా. అన్నకు జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అది ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. పాలను పరీక్షించే పద్ధతి ఒకటుంది. సన్నని గాజుగొట్టంలో పాలు పోసి, నీలం రంగు మందు చుక్క వేసి, కాసేపు వెచ్చగా ఉంచితే, ఆవుకు జబ్బు ఉంటే మీగడ తేలిన చోట నీలం రంగు ఉంగరంలా చుట్టుకుంటుంది, కింద పాలు తెల్లగా అయిపోతాయి. మొదట వదిన ఆవు పాలే పరీక్షకు పట్టాను, ఆమె వంటింట్లోనే, ఆమె చూస్తుండగానే. ఆ నీలి ఉంగరం తేలుతుంటే ఆమె వంగి, ముచ్చటపడి చూసింది.

“బాగుండాదే సూసేదానికి” అంది.

దాని అర్థం చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు ఎలా ఆరిపోయిందో ఇప్పటికీ నా కళ్ళముందుంది. అది బాగా పాలిచ్చే సీమజాతి ఆవు, చూలుతో ఉంది, ఆ ఇంటికి అదే ఆధారం. పాలు బాగా పొంగేదాకా కాచి తాగితే ఏ భయమూ లేదని, గుమ్మపాలు మానాలని, ఈనేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలని, పడిన మాయను కుక్కలు లాగకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలని చెప్పాను. ఆమె తలూపింది. ఆ తర్వాత ఇంటింటి పాలూ పట్టాను. చాలా ఇళ్ళ గొట్టాల్లో ఆ ఉంగరం తేలింది. అప్పుడు గాని అర్థం కాలేదు, ఒక్కొక్కరికి మందులిచ్చుకుంటూ పోతే ఇది తెగేది కాదని. పెయ్యదూడలకు చిన్నప్పుడే టీకా వేస్తే వాటికి జబ్బు సోకదు, అవి పెద్దవై ఈనేనాటికి ఊరు బాగుపడుతుంది. టీకా నా చేతిలో లేదు. పశుసంవర్ధకశాఖ వాళ్ళకు చెప్పాల్సిందే. చెప్పాను.

ఒక అధికారి జీపులో వచ్చాడు. మంచివాడే గానీ గొంతు పెద్దది. పాలు పోసే కేంద్రం దగ్గర, పొద్దున అందరూ క్యాన్లతో నిలబడి ఉన్నప్పుడే, ఈ ఊరి పాలలో మనుషులకు తగిలే రోగముందని చెప్పేశాడు. కాస్తే పోతుందన్న రెండో మాట ఎవరూ వినలేదు. మరుసటి రోజు నుంచి పాలబండి ఆ ఊరికి రావడం మానేసింది. పక్క ఊళ్ళవాళ్ళు ఆ ఊరి పెరుగు కూడా కొనలేదు. వానల్లేని ఏడాది అది. చేను ఎండినా పాలుంటాయిలే అన్న ధైర్యంతో బతికే ఇళ్ళవి. ఆడవాళ్ళు పిండిన పాలు పిండినట్టే పెట్టుకుని, ఏం చేయాలో తోచక చూస్తూ కూర్చున్నారట.

ఆ శనివారం నేను వీధిలో అడుగుపెట్టేసరికి ఎవరూ పలకరించలేదు. వదిన గడపలో నిలబడి ఉంది, రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి. లోపలికి రమ్మని ఒక చెయ్యి తీస్తుందేమోనని చూశాను. తీయలేదు. చిన్నపిల్ల చేత చెంబుతో నీళ్ళు బయటికి పంపింది. తాగాను.

“నువ్వు జెప్పింది నిజమే అయ్యిండొచ్చు” అంది, గొంతు పెంచకుండానే. “నువ్వు రాకుంటే నా మొగుడు బతికేవాడు గాదు, అది గూడా నిజమే. అయితే ఈ ఊర్లో నేను బతకాల గదమ్మా. మా ఇంట్లోనించే మొదులైందని అందురూ అంటాండారు. ఇంక మా ఇంటికి రావద్దు.”

అన్న లోపల ఉన్నాడో లేడో తెలియదు. సరే వదినా అని వెనక్కి తిరిగాను. సదుంలో పుంగనూరు బస్సు సాయంత్రానికి గాని లేదు. ఊరి బయట బాట పక్కన రాతి మీద కూర్చున్నాను. ఆ దారిన పశువులను తోలుకుపోయేవాళ్ళు, కట్టెలు మోసుకొచ్చేవాళ్ళు నన్ను దాటిపోతున్నారు. అంతకుముందు వారం ఇదే మనుషులు ఏమ్మా, ఎప్పుడొస్తివి అని అడిగినవాళ్ళే. నేను చేసిన పని సరైనదేనని నాకు తెలుసు. ఆ తెలిసి ఉండటం ఆ రాతి మీద నాకేమాత్రం తోడు కాలేదు.

టీకాలు వచ్చాయి. ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని పశువైద్యశాల నుంచి ఒక కాంపౌండరు, నేను ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాం. నేను వెళ్ళనవసరం లేదని ఆయనన్నాడు. నాకు వెళ్ళాలనిపించింది. రచ్చబండ దగ్గర నిలబడి దూడలను తెమ్మని కేకవేస్తే ఒక్కరూ రాలేదు. తలుపుల సందుల్లోంచి చూస్తున్నారు. ఈ సూది వేస్తే దూడ ఎదిగినాక చూలు కట్టదని ఎవరో పుకారు పుట్టించారట. ఐసు కరుగుతోంది. కాంపౌండరు గడియారం చూసుకుని, పోదాం పాండమ్మా, వీళ్ళు మారరు అన్నాడు. అప్పుడు వీధి చివరనుంచి అన్న వచ్చాడు. ఇంకా పూర్తిగా కండ పట్టలేదు, నడకలో కాస్త ఈడ్పు ఉంది. తన పెయ్యదూడను తాడు పట్టి నడిపించుకుంటూ, అందరి తలుపుల ముందునుంచీ, తొందరపడకుండా వచ్చాడు. నా వైపు చూడలేదు. దూడ మెడను చంకలో ఇరికించి పట్టుకుని ఊరంతటికీ వినబడేట్టు చెప్పాడు.

“నాకు జరమొచ్చినప్పుడు మీరంతా యాడుండారప్పా? నా మంచం మింద కూసునింది ఈయమ్మొకతే. నా దూడకు ఏస్తాండారు, సూడండి. ఏమన్నా అయితే నాకు గదా అయ్యేది.”

సూది వేశారు. దూడ ఒక్క గంతు వేసి నిలబడింది. ఆయన దాని వీపు తట్టి, అక్కడే ఉండిపోయాడు. కాసేపటికి ఒక ముసలమ్మ తన దూడను తెచ్చింది. తర్వాత ఇంకొకరు. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ప్రతి దూడనూ అన్నే పట్టుకున్నాడు. అంతా అయ్యాక ఇంటికి రమ్మని పిలవలేదు. నేనూ ఎదురుచూడలేదు అంటే అబద్ధం. తాడు భుజాన వేసుకుని, ఒక్క క్షణం నిలబడి, బద్రంగా పోమ్మా అని వెళ్ళిపోయాడు.

పాలబండి కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. టీకాలను ఏటేటా ఆ శాఖవాళ్ళే వేయడం మొదలుపెట్టారు, ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ. నాకిక ఆ దారిన పనిలేకపోయింది. పైగా ఆ ఏడే నాకూ ఆ జ్వరం వచ్చింది. ఆ తలుపు సరిగా పడని పెట్టె ముందు అన్ని నెలలు కూర్చున్నదాన్ని, రాకపోతేనే ఆశ్చర్యం. సాయంత్రం పాఠం చెబుతుండగా వెన్నులో చలి మొదలయ్యేది. నా రక్తం నేనే పరీక్షించుకున్నాను. మందులకు నా ఒళ్ళు అన్న ఒంటంత తొందరగా లొంగలేదు. మేడ మీది గదిలో తెల్లవారుజామున తడిసిన దుప్పటి మార్చుకోవడానికి లేవలేక, ఆ తడిలోనే పడుకుని ఉంటే, అన్నకు ఆ గదిలో ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. ఇంటి యజమానురాలు అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి కిందినుంచే పిలిచేది. తమ్ముడు వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. పుంగనూరు డాక్టరుగారు మాత్రం ప్రతి ఆదివారం బస్సులో వచ్చి, సూది వేసి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు. ఆ ఊరికి కబురు చేయనా అని ఒకసారి అడిగారు. వద్దన్నాను.

ఆ పని మీద రాసిన వ్యాసం ఒక చిన్న పత్రికలో అచ్చయింది. డాక్టరుగారు చదివి, బాగుందమ్మా అన్నారు. ఇంకెవరూ ఏమీ అనలేదు. తర్వాతి ఏళ్ళలో పుంగనూరు నుంచి అలాంటి జ్వరాల రక్తం సీసాలు రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. డాక్టరుగారూ పోయారు. అన్న పోయాడని ఆ వైపునుంచి వచ్చిన విద్యార్థిని ఒకతె చెబితే తెలిసింది, అప్పటికే ఏడాది దాటింది. వయసు మీరి, మనవళ్ళను చూసి పోయాడట. అప్పుడైనా వెళ్ళాల్సింది. రావద్దన్న మాట అన్నేళ్ళ తర్వాత కూడా గడప దగ్గరే నిలబడి ఉన్నట్టనిపించి వెళ్ళలేకపోయాను.

కాలేజీ అమ్మాయి ఫోను వచ్చిన వారానికి, ఎవరికీ చెప్పకుండా, కుప్పంలో బస్సెక్కాను. పలమనేరులో ఒకటి, పుంగనూరులో ఒకటి మారి, సదుంలో ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. రోడ్డు పడింది, ఊరు పెరిగింది, ఆ ఇల్లు మిద్దె అయింది. పక్కన రేకుల కొట్టంలో ఒక యువతి ఆవుకు గడ్డి వేస్తోంది, పక్కనే తడి ఆరని లేగదూడ. వదిన కోడలట. మీరెవరమ్మా అంటే, మదనపల్లెలో టీచరుగా చేశాను, మీ అత్తకు తెలిసినదాన్ని అన్నాను. ఆమె మోచేతుల దాకా ఉన్న ప్లాస్టిక్ తొడుగులు తీసి బకెట్లో వేస్తుంటే, అవెందుకని అడిగాను.

“మాయ పూడ్సి వస్తాండానమ్మా. మా ఇండ్లల్లో ఆవు ఈనితే ఇవి లేకుండా ముట్టుకోము. మాయకు సున్నం గూడా ఎయ్యాల. మా మామ పెట్టిన కట్టుబాటు” అంది.

ఎందుకు పెట్టాడని అడిగాను. ఆమె ఆలోచించింది.

“ఏమో, తెలీదమ్మా. మొదట్నించీ అట్లే” అంది. పశువుల నుంచి మనుషులకు ఏదైనా జ్వరం వచ్చేదని విన్నావా అంటే నవ్వింది. “అట్లాంటి జరం మా ఊర్లో ఎప్పుడూ లేదు.”

నన్ను లోపలికి తీసుకెళ్ళింది. లోపల వదిన కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. చూపు మందగించింది. నేను మాట్లాడగానే గుర్తుపట్టింది. కూర్చోబెట్టుకుని నా చెయ్యి తడిమి, ఎంత సన్నబడితివే అంది. అన్న ఎలా పోయాడో చెప్పింది, మోకాళ్ళ నొప్పుల గురించి, వానల గురించి, చిన్నపిల్లకు ఇప్పుడు పెళ్ళీడు కూతురుందని చెప్పింది. ఆ నాటి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోడలు కాఫీ తెచ్చింది, తాగాను. లేచి, పోయొస్తా వదినా అన్నాక, ఆమె నా చెయ్యి వదల్లేదు.

“ఆ పొద్దు నిన్ను రావద్దంటి” అంది మెల్లగా. “నువ్వు నిజంగానే రాకుండా పోతివే. శనివారమైతే ఆయన వీది మొదట్లోకి పోయి నిలబడేవాడు. నేను వాకిట్లోనే ఉండేదాన్ని. అంటే మాత్రం, రాకుండా పోతారా యాడన్నా?”

ఎన్ని శనివారాలు మదనపల్లెలో ఆ స్టూలు మీద కూర్చుని కొండను చూస్తూ గడిపానో నాకు తెలుసు. అదే పొద్దు ఇక్కడ ఇద్దరు మనుషులు దారి చూస్తూ నిలబడ్డారని తెలియదు. మళ్ళీ కూర్చుని ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఏమంటాండావత్తా అని కోడలు లోపలినుంచి అడిగితే, ఏంల్యా, పాత మాటలు అంది వదిన.

తిరుగు ప్రయాణంలో పుంగనూరు బస్సులో నా పక్కన ఒక అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంది. ఒకప్పుడైతే సదుం దాటకముందే ఏ ఊరు, ఎవరింటికి వచ్చారు, ఏం పని మీద అని అడిగి, నా కథంతా రాబట్టి, దిగేటప్పుడు చేతిలో నాలుగు చెనక్కాయలు పెట్టి పోయేవాళ్ళు. ఇప్పుడెవరూ అడగరు. ఆ రోజులే మంచివని నేననను. మేము వారాల తరబడి కాచుకుని చూసినదాన్ని ఇప్పటి పిల్లలు యంత్రంలో పూటలోనే తేల్చేస్తున్నారు, రోగి ఇల్లు చేరకముందే జవాబు ఫోనులో చేరుతోంది. మంచిదే. అయితే ఆ జవాబు చేతపట్టుకుని ఒకరి ఇంటికి నడిచి వెళ్ళి, మంచం పట్టె మీద కూర్చుని, బతుకుతాడు వదినా అని చెప్పే పని లేకుండా పోయింది. ఆ జ్వరం సంగతి ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, ఆమెకు చూపు ఆనదు. ఆ జ్వరం ఎవరికీ తెలియకుండా పోవాలనే కదా అప్పుడు అంత తిరిగాను. అది నిజంగా అలా పోయాక, దాన్ని గురించి చెప్పుకోవడానికి మనిషి దొరకక ఇంత దూరం బస్సులో మౌనంగా కూర్చోవలసి వస్తుందని మాత్రం ఆ వయసులో నాకు తోచలేదు.